గురి తప్పిన బంతి

లాపాజ్‌లో గురి తప్పితే
బంతి మూడు వాడలు దిగి
నా కుట్టుమిషను కిందికొచ్చి ఆగుతుంది.

కింద పెద్ద స్టేడియంలో
బయటి దేశాల జట్లు
ఆక్సిజన్ గొట్టాలు మూతికి తగిలించుకుని
మా కొండని తిట్టుకుంటాయి.
రేడియోవాడికి అదే మా ఊరి గొప్ప.
నా లెక్క వేరు.

వెనాన్సియాని ఆటలో చేర్చుకునేవాళ్ళు కాదు,
ఆడపిల్లని.
బంతి తెచ్చే పని.
రెండొందల పద్నాలుగు మెట్లు,
రోజుకి ఏడెనిమిదిసార్లు,
ఒక్కనాడూ రొప్పగా చూళ్ళేదు.
"సూది గుచ్చేవు తాతా" అని నవ్వేది.

ఇవాళా బంతొచ్చింది.
వెనకాలే ఓ కుర్రాడు,
గుమ్మం పట్టుకుని, నోట మాట లేదు.
మంచినీళ్ళిచ్చాను.
"ఎవర్రా తన్నింది?"
వేలు పైకి చూపించాడు.
"అదే. వెనాన్సియా."

బంతి వెంటనే ఇవ్వలేదు.
ఓ కుట్టు ఊడింది,
వేసి ఇచ్చాను.