మనిషెత్తు

రొయ్య బాగా పండిన ఏడు
రాజుగారు దాన్ని వేలంపాటలో కొన్నారట.
భీమవరంలో, మేడమీద ఏసీ గదిలో
గోడంతా మొహాలు.
ఒక్కోదాని కింద రాగి రేకు: దేశం, తెగ, కొన్న సంవత్సరం.
దీని కింద యోరుబా అని ఉంది.
చేసినవాడి పేరు లేదు.
నాకది కొత్త కాదు,
నేను కట్టిన పడవలమీద కూడా
ఆసాముల పిల్లల పేర్లే రాస్తారు.

మన గాలి దానికి పడలేదు.
కరెంటు పోయిన వానరాత్రుల తర్వాత
గోడవార సెనగపిండిలా పొడి రాలుతోందట.
"లక్షల సరుకు బంగారాచారీ, జాగ్రత్త."
పాత పంచెలో చుట్టి, అల్లుడి బండిమీద
ఒళ్ళో పెట్టుకుని దొడ్డిపట్ల తెచ్చాను,
ఆసుపత్రి నుంచి చంటిపిల్లను తెచ్చినట్టు.

ముందుగా బోర్లించాను.
కర్రపని చేసేవాడు మొహం తర్వాత చూస్తాడు.
లోపల బాడిస దెబ్బలు,
చేప పొలుసుల్లా, వరసగా.
వాలు చూస్తే ఎడంచేతి వాటం.
ఒక్కచోట బాడిస జారింది.
జారినచోట మరో రెండు దెబ్బలేసి సర్దుకున్నాడు.
ఆ తప్పుమీద వేలు పెట్టి
టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను.

పురుగు చిల్లుల్లోకి సిరంజితో మందెక్కించి
ఊరికే, మొహానికి ఆనించి చూసుకున్నాను.
ముక్కుకి చోటు లేదు.
కంటికి కన్ను కలవదు.
అంచు చుట్టూ మాత్రం చిన్న చిన్న బెజ్జాలు,
లోపల నడినెత్తిన
గుండ్రంగా, నల్లగా, జిడ్డు.

స్టూలు కాలు బాగుచేయించుకోడానికి ముసలయ్య వచ్చాడు.
నలభయ్యేళ్ళుగా జాతరకి గరగ ఎత్తేవాడు,
మిగతా రోజుల్లో ఇస్త్రీ బండి.
దాని జడపాయల గాడుల్లో నీలం చూసి
వేలు తడిపి రాశాడు.
"ఇది బట్టల నీలిమందు ఆచారీ.
చచ్చేదాకా మా అమ్మ గోళ్ళు ఈ రంగే."
తిరగేశాడు. నవ్వాడు.
"మొహానికేంటి నీ మొహం, ఇది నెత్తికి!"

వద్దనాల్సింది నేను.
భుజంమీది తువ్వాలు మెలేసి చుట్టకుదురు చేశాడు.
"ఎవరో ఏంటో తెలీదు కదా, దణ్ణం పెట్టొచ్చా?"
నాకేం తెలుసు. పెట్టాడు.
ఎత్తుకున్నాడు.
డప్పుల్లేవు. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది.
మూడంటే మూడు అడుగులు.
ఇస్త్రీపెట్టె లాగి లాగి వంగిన మెడ
నిటారుగా నిలబడింది.
పైనున్న ఆవిడ మా ఇద్దర్నీ చూడలేదు,
గట్టు దాటి ఏటివైపు చూస్తోంది.
కింద ముసలయ్య కళ్ళు మూసుకున్నాడు.
ఏ మొహంతో మాట్లాడాలో తెలీక
నేను చేతిలో ఉలి కింద పెట్టాను.

దించాక లోపల చూస్తే
పాత జిడ్డుమీద కొత్త చెమట.
తుడవలేదు.

"బాగా చేశావు. లోపల ఆ మురికి తీయలేదేం?"
మురికి కాదండి అన్నాను.
రాజుగారు మంచివారే.
దాన్ని రెండు చేతులా పట్టుకున్న తీరు చూస్తే
ఇష్టమే, అబద్ధం కాదు.
ఆ ఇష్టంతోనే అడిగారు:
"మీ వైపు పాత గరగలు ఎవరన్నా అమ్ముతారా?"
కనుక్కుంటానండి అన్నాను.
పెద్దింటి గుమ్మాల్లో నా నోటికి
దానంతటదే వచ్చే మాట అది.
కనుక్కోలేదు.

గోడకి చెమ్మండి, వద్దు, గుంజ చేసిస్తానన్నాను.
చెమ్మ నిజమే, కారణం అది కాదు.
"ఎత్తెంత?"
అయిదడుగుల రెండంగుళాలు.
"అంత ఖచ్చితంగానా?"
మనిషెత్తండి.
ఏ మనిషని ఆయన అడగలేదు.

వేపగుంజ నిలబెట్టి
పైన చుట్టకుదురు బిగించి
దానిమీద ఆవిడను కూర్చోబెట్టి వచ్చాను.
కర్రకీ కూలికీ మాత్రం తీసుకున్నాను.

ముసలయ్య ఇప్పటికీ ఎదురుపడితే
నా తువ్వాలేదీ అంటాడు.
వాడుకలో ఉందిరా అంటాను.