తడి నీలం

ఓవార్‌లో మా వీధి ఇళ్ళ ముఖాలన్నీ పలకలే,
నీలం, తెలుపు.
ఫెలిస్మీనా ఇంటికి మాత్రం
తలుపు కుడిపక్క, భుజం ఎత్తున
ఒక పలక లేదు.
జనవరి గాలివానకి ఊడి
మెట్ల మీద పిండయింది.

కొత్తది కాల్చిచ్చే బట్టీవాడు
సెప్టెంబరు అన్నాడు.
ఆమె ఆగే మనిషి కాదు.
పక్క పలకని ఫోటో తీసి
ఇంట్లో ప్రింటరు మీద అచ్చేసి
అట్టకి అంటించి ఖాళీ పూడుస్తానంది.

మొదటి కాగితం పట్టుకుని
నా గుమ్మంలోకి వచ్చింది:
"నీలం అడిగితే వంకాయ ఇచ్చింది,
చూడు జెర్వాజియు."

ముప్పై ఎనిమిదేళ్ళు
ఆఫ్‌సెట్ మిషన్ పక్కన నిలబడ్డవాణ్ణి.
సార్డీన్ డబ్బాల లేబుళ్ళు లక్షలు వేశాను.
గోళ్ళ సందున మాజెంటా
పెళ్ళినాడు కూడా వదల్లేదు.
ఇదెంత, ఒక పూట పని అనుకున్నాను.

ముందు తెర వెలుగు తగ్గించమన్నాను.
మిట్టమధ్యాహ్నంలా మండుతోంది అది.
తెర దీపం. కాగితం గోడ.
దీపం తనంతట తను వెలుగుతుంది,
గోడకి ఎవరో వెలుగు పెట్టాలి.
రెండిటినీ ఒకే నీలం చూపించమంటే ఎలా?

తర్వాత సెట్టింగులు.
మామూలు కాగితమని ప్రింటరుతో చెప్పి
లోపల నిగనిగల కాగితం పెట్టింది.
మనం బొంకితే అదీ బొంకుతుంది.
పైగా రంగుల పెత్తనం
ప్రోగ్రాముదీ, ప్రింటరుదీ కూడా,
ఇద్దరు వంటవాళ్ళు
ఒకే గిన్నెలో ఉప్పు వేసినట్టు.
ఒకరిని కూర్చోబెట్టాం.
ఆ కాగితానికి సరిపడే ప్రొఫైలు వెతికి ఎక్కించాం.

రెండోది బయటికొస్తుంటే
చప్పట్లు కొట్టబోయింది.
ఆగు అన్నాను.
తడి రంగుని నమ్మకు,
కొత్త చుట్టం అది, మొదటి పూటంతా నవ్వే.
రాత్రి ఆరనీ.

పొద్దున చూస్తే పిసరంత మసక.
మూడోది. నాలుగోది.
ఏడో దగ్గర సయాన్ అయిపోయింది,
కొత్త డబ్బా పద్దెనిమిది యూరోలు.
ఆమె నావైపు చూసింది,
నేను పిల్లివైపు చూశాను.

పదకొండోదాన్ని వీధిలోకి తీసుకెళ్ళాం.
వంటింటి బల్బు కింద తేలే సంగతి కాదిది,
గోడ ఎక్కడుందో అక్కడే చూడాలి.
పదిగంటల వెలుతురు, పల్చటి మబ్బు.
నన్ను ఖాళీ మీద ఆనించి పట్టుకోమని
వెనక్కి నడిచింది రోడ్డు మధ్యదాకా.
రొట్టెల బండి హారన్ కొట్టినా కదల్లేదు.

"దేనితో పోల్చాలి?" అంది.

అప్పుడు చూశాను నేనూ.
పై పలక నీలం వేరు, కిందిది వేరు.
ఎడమది ఉప్పుగాలికి పాలిపోయింది.
చూరు కిందది నిన్న కాల్చినట్టుంది.
ఇన్నేళ్ళు ఈ గోడ ముందునుంచి పనికి వెళ్తూ
ఒక్క నీలమే అనుకున్నాను,
రంగులు తెలిసినవాణ్ణి.

కాగితాలన్నీ మెట్ల మీద పరిచాం.
వంకాయ తప్ప ప్రతిదీ
ఏదో ఒక పలకకి చుట్టమే.

నేను తొమ్మిదోది అన్నాను, ఆమె ఆరోది అంది.
గోడ ఆమెది.
ఆరోదే అంటించి
వానకి తట్టుకోవాలని పైన వార్నిష్ పూశాను.
పూయగానే అది ఇంకో నీలమైంది.
ఇద్దరం ఏమీ అనుకోలేదు.

సెప్టెంబరు ఇంకా దూరం.
సాయంత్రాలు ఎండ ఏటవాలుగా పడితే
పలకలన్నీ తళుక్కుమంటాయి.
అదొక్కటి కాసేపు ఆలోచించి
ఊరుకుంటుంది.