ఏడు సూదులు

పొద్దున్నే పాలకేంద్రానికి పోయే ముందు
ఏడు సూదులకు దారం ఎక్కించి
మా అత్త తలగడకు గుచ్చి పోతాను.
ఆరు చాలవు. ఎనిమిదైతే
"నన్ను మిషననుకున్నావేటే" అంటుంది.

ఆమెకు చూపు మసకేసింది,
చేతికి మాత్రం ఏమీ కాలేదు.
పక్కింటి పారమ్మకు కళ్ళు చురుకే,
వేళ్ళే గాలిలో చింతాకులు.
ఇద్దరూ కూచుంటే ఒక కుట్టుమనిషి.

వంగర దాటాక మడ్డువలస కాలవ పక్కన మా ఊరు.
మధ్యాహ్నం బస్సు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాక
వసారాలో బొంత పరుచుకుంటుంది.
"ఎడమకి... ఇంకొంచెం... అక్కడ గుచ్చు" అని పారమ్మ.
"నాకు తెలుసులే" అని మా అత్త తవిటమ్మ.
గుచ్చేది మాత్రం పారమ్మ చెప్పిన చోటే.

అడుగున మా మావ పంచె,
మీద పొందూరు చీర చెంగు,
నా పెళ్ళినాటి జాకెట్టు, పిల్లాడి యూనిఫారం నీలం,
ఎరువుల కొట్టువాళ్ళు పంచిన టోపీని
విప్పి చదును చేసిన ఆకుపచ్చ.

ఆ వానల్లో మా ఆనపపాదు దడి దాటింది.
వేరు మాది, కాయ వాళ్ళ వైపు.
పారమ్మ కోసి పులుసు పెట్టి
గిన్నెడు మాకూ పంపింది. అదీ తప్పయింది.
"నా కాయ నాకే పంచుతాదా!"
"నా దడి ఇరిగిపోనాది, దానికెవులిత్తారు?"
ఇక ఆనపకాయ సంగతి ఎవరికీ గుర్తులేదు.
తవ్వెడు చోళ్ళ అప్పు బయటికొచ్చింది,
సొట్టతో తిరిగొచ్చిన ఇత్తడి చెంబు,
ఎవరి పురిటికి ఎవరు రాలేదో.

నాలుగు రోజులు
ఏడు సూదులూ తలగడ మీదే
దారాలు వేలాడేసుకుని ఉన్నాయి.
అయినా పొద్దున్నే ఓసారి సరిచూసేదాన్ని,
దారాలు ఊడిపోయినట్టు.

ఐదో రోజు మా అత్త
"పారమ్మ రాలేదేటే? జొరమేమో, ఎల్లి సూడు" అంది.
మొహంలోకి చూశాను.
బెట్టు లేదు. ఎకసెక్కం లేదు.
ముడి వెయ్యని దారంలా
తగువు జారిపోయింది ఆమెలోంచి.

పారమ్మ నాలుగు రోజులు నూరుకున్న మాటలతో వచ్చింది.
గుమ్మంలోనే "అంబలి తాగినావా" అని అడిగింది మా అత్త.
పారమ్మ నా వైపు చూసింది.
నేను చీపురు తీసుకుని
ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను.
చాలాసేపటికి కూచుంది.
"తాగినాను. ఎడమకి గుచ్చు" అంది.

అప్పట్నించీ రోజూ అదే పాఠం.
"ఇదెవుల్ది?"
"మీ ఆయన పంచె."
"మంచోడేనా?"
"నీకంటే నయం."
నవ్వి, కుట్టి, ముక్క దాటి, మళ్ళీ వెనక్కొచ్చి
"ఇదెవుల్ది?"
పారమ్మ ఒక్కసారీ విసుక్కోలేదు.
చెంబు విషయంలో మాత్రం ఇప్పటికీ
సొట్ట తనది కాదనే చెబుతుంది.

ఈ ఏడు మృగశిరకి చిక్కుడు గింజలు కనబడలేదు.
ఉట్టి వెతికాను, బూడిద కుండ కుమ్మరించాను,
పోపుల డబ్బాలో పాత రేషను చీటీ దొరికింది.
రాజాంలో పొట్లం కొందామన్నాను.
"కొనకు. దాసినాను.
ఎక్కడో గట్టిగా దాసినాను" అంది మా అత్త.
నేను సరేలే అన్నాను,
ఆ సరేలే ఎలాంటిదో ఆమెకి తెలిసింది.

నిన్న రాత్రి బొంత కప్పుకున్న నా మనవడు
"గుచ్చుకుంటంది" అని లేచాడు.
దీపం దగ్గర తడిమి చూస్తే
నీలం ముక్క కింద, వరసగా,
గింజకో చిన్న గది, గదికి నాలుగు పక్కలా కుట్లు.
చూపున్నవాళ్ళెవరూ అంత సన్నగా కుట్టరు.

పొద్దున్న పారమ్మ లెక్కపెట్టింది. పంతొమ్మిది.
ఒకటి పుచ్చింది కాబోలు, మెత్తగా ఉందంది.
బ్లేడు పట్టుకుంది, చెయ్యి వణికిపోతోంది.
నేను అందుకోబోయాను.
మా అత్త బొంత మీద అరచెయ్యి ఆనించి
గోడకేసి చూస్తూ చెబుతోంది,
"ఎడమకి...
ఇంకొంచెం...
అక్కడ కొయ్యి."