దడువాయి లెక్క

పొద్దంతా ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు జోకుత.
ఘాటు చేతులకెక్కి, కండ్లు తుడ్సుకోను భయం.
రాత్రి ఖాజీపేట రైల్వే గ్రౌండ్ల
మనుషుల్ని జోకుడు.

పెద్దపల్లి కబడ్డీ జట్టోళ్లు కబురు పంపిండ్రు:
ఓదెలును ఇస్తరట.
ఎడమ కార్నర్. పదకొండేండ్ల ఆట.
సింగరేణి బాయిల టింబర్ మోసిన భుజం,
చీలమండ దొరికితే చాలు
కూత అక్కన్నే గొంతుల ఇరుక్కుంటది.
బదులుగా మా మొదటి రెండు వంతులు అడుగుతున్నరు,
ఆదివారం పిల్లల్ని ఏరుకునే కాడ
అందరికన్న ముందు మేం చూపెట్టే రెండు వేళ్లు.
రేపు పదింటికల్ల చెప్పాలె.

అంకూస్ గోడ మీద సుద్దతోని రాసిండు:
పోయినేడు ఎడమ దిక్కు నుంచి పోయిన పాయింట్లు
నూట ఆరు.
"ఇగ లెక్క ఏమున్నది మామా,
కల్లంల ఉన్న పత్తిని ఇడ్సి
ప్యాకెట్ల ఉన్న ఇత్తనం కొంటవా?
మొలుస్తదో, నకిలీదో, ఆన పడ్తదో లేదో."

నిజమే.
నకిలీ ఇత్తనం సంగతి మా ఇంట్ల ఎవల్ని అడిగినా చెప్తరు.
కని కల్లంల పత్తికి తేమ ఉంటది.
ముప్పై రెండేండ్ల మోకాలికి తరుగు ఎంత తియ్యాలె?
క్వింటాలుకు రెండు కిలోలా, ఐదా?
కట్టు ఇప్పి చూపెట్టుమంటే
ఏ అడ్తిదారు చూపెడ్తడు?

ఇంకో పళ్లెంల తాడ్వాయి పిలగాడు,
జాతర ఏట పుట్టిండని సారయ్య, ఈసం సారయ్య.
పద్దెనిమిది నిండలే.
మ్యాట్ మీద జారుతున్నయని
బూట్లు మూడుసార్లు ఇప్పి మూడుసార్లు తొడిగిండు.
పట్టిన ఏడుగురిల ఐదుగురిని ఇడ్సిండు.
ఇడ్సిన ఐదుగురూ
గీత దాటినంక వంగి చూసుకున్నరు,
కాలు ఉన్నదా పోయిందా అని.
అది ఏ తక్‌పట్టిల రాయాలె?

పదకొండింటికి ఓదెలుకు నేనే ఫోన్ చేసిన.
"తమ్మీ, మోకాలెట్లున్నది?"
ఊకున్నడు. ఎనుక కన్వేయర్ బెల్టు సప్పుడు.
"ఎడమది చలికాలం నా మాట ఇనది.
అవుగని, నా బదులు ఎవల్ని ఇస్తున్నవే?"
"ఎవల్ని గాదు, వంతులు."
"అంటే ఇంకా పేరు రానోళ్లను," నవ్విండు.
"నాది పదమూడో వంతన్నా.
ఇగ ఎవలు తీసుకోరని ఇంటికి బస్సెక్కిన.
కమాన్‌పూర్ క్రాసింగ్ కాడ దించి తీస్కపోయిండ్రు."
ఆ తర్వాత షిఫ్టు సైరన్ మోగింది, పెట్టేసిండు.

తెల్లారి పదింటికి
కాంటా మీద బస్తా ఉన్నది. ముల్లు ఊగుతున్నది.
ముల్లు ఆగకముందు అంకె పలికినోడు దొంగ,
మా నాయిన నాకు నేర్పిన విద్య గంతే.
పెద్దపల్లి ఫోన్ రెండుసార్లు మోగింది.
ముల్లు ఆగేసరికి పదీ పది.
గిట్ల తేల్చిన నేను.
ధైర్యమని ఎవలన్న అంటే నమ్మకుండ్రి.

సారయ్యను తీసుకున్నం. మొదటి మ్యాచే పెద్దపల్లితోని.
ఆరుగురిని పట్టిండు, నలుగురిని ఇడ్సిండు.
తొమ్మిది పాయింట్లతోని ఓడినం.
అంకూస్ నాతోని మాట్లాడకుంట స్కూటర్ తీసిండు.

లైట్లు ఒక్కొక్కటి ఆర్పుతుంటే చూసిన:
ఓదెలు, ఎడమ మోకాలికి ఐసు గుడ్డ సుట్టుకొని,
మా పిలగాని ముందు కూసున్నడు.
వాని కుడిపాదం పట్టి
బెత్తెడు లోపటికి జరిపిండు.
"ఊ, ఇప్పుడు పట్టు" అని
తన చీలమండనే వాని చేతికిచ్చిండు.

లైట్లాయన తొందర వెడుతుండు.
జర ఉండనియ్యి, అన్న.