ఫస్ట్ కోటు ఆరనీ

మొగల్రాజపురం కొండకి లిఫ్టు లేదు.
సెలైన్ సీసాలు, సూదులు, వేలికి పెట్టే క్లిప్పు
అన్నీ నా భుజానికే.
ఎనభయ్యో మెట్టు దగ్గర నాకే ఆయాసం.

కరీముల్లా గారికి నిమ్ము.
ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు
లారీల వెనక అక్షరాలు రాసిన చెయ్యి;
నరం దొరకదు.
"తొందరేం లేదమ్మా, ఫస్ట్ కోటు ఆరనీ" అంటాడు.

స్టాండు లేదు. దోమతెర మేకు చాలింది.
బొట్లు లెక్కపెట్టడం నేర్పబోతే
హుసేన్‌బీ తస్బీ తీసింది.

పోయినేడు పెద్దాసుపత్రిలో మూడోరాత్రికి
పేరడిగితే మంచం నంబరు చెప్పాడట.
ఇక్కడ, జ్వరం నూట రెండున్నా,
కింద రోడ్డు మీద హారన్ విని
"మనం రాసిన బండే" అంటాడు.

అందరికీ చెప్పను ఇంట్లోనే ఉండమని.
నిన్న రాత్రి ఆక్సిజన్ ఎనభై తొమ్మిది.
నలుగురు కుర్రాళ్ళు, ఒక ప్లాస్టిక్ కుర్చీ,
తెల్లార్లూ మెట్ల మీదే.
కుర్చీ దిగలేదు.

ఈ పూట తొంభై అయిదు.
హుసేన్‌బీకి అంకెలు రావు.
పాల కార్డు వెనక
ఒంటేలుకెళ్ళిన ప్రతిసారీ ఒక చుక్క,
నవ్వినప్పుడు ఒక గీత.

చుక్కలు డాక్టరుగారికి ఫోన్లో చెప్పాను.
గీతలకి ఫారంలో గడి లేదు.