గుంజ పట్టినోని లెక్క

నా పని గుంజ వట్టుడు.
ఎర్ర తెల్ల చారల గుంజ, దాని నెత్తిన అద్దం.
డోనల్ సారు దూరంగ మూడుకాళ్ళ యంత్రంల కన్ను వెట్టి
చెయ్యి ఎడమకు ఊపితే ఎడమకు జరుగుత,
కుడికి ఊపితే కుడికి.
నేను నిలవడ్డ కాడల్లా పటంల ఒక చుక్క.
లింబాద్రి అంటె నోరు తిరగక లిమ్ అంటడు. పలుకుత.

ఊరి పేరు సువైదర.
నిజ్వా దాటి రెండు గంటలు,
తారు తెగి గులకరాళ్ళ వాగు మొదలైన కాడ.
నలభై మట్టిగోడలు, పైన కప్పుల్లేవు,
సగం ఎండిన ఖర్జూరాల బారు,
కొండ కడుపుల నుంచి పారే సన్నని కాలువ, ఫలజ్ అంటరు,
మడమ మునగదు, అయినా ఆగదు.
కంపెనీ కాయితంల మాత్రం
"పదిహేడో బ్లాకు. ఖాళీ."

మూడోనాడు పాత టొయోటాల ఒక ముసలాయన దిగిండు.
ఖల్ఫాన్. నీళ్ళ వంతులు పంచిన ఆఖరి మనిషి.
నేను గుంజ ఆనించిన ప్రతికాడా
చేతికర్రతోని నేలను పొడిచి ఒక పేరు జెప్పిండు.
సారుకు అరబ్బీ రాదు.
పన్నెండేండ్లల నాకు కొంత అంటుకున్నది.

ఇది మేక ఈనిన బండ.
ఇది సల్మా మడి. సల్మా ఎవరో మా తాతకూ తెల్వదు.
ఇది అన్నదమ్ములు మాట్లాడుకోని గోడ.
ఇక్కడ కలరా ఏడు పాతిపెట్టినం.
మొగోళ్ళకు రెండు రాళ్ళు, ఆడోళ్ళకు మూడు.
లెక్కవెట్టిన.
మూడు రాళ్ళవే ఎక్కువున్నయి.

పగటాల బండి నీడల రొట్టె తినుకుంట
సారు తన పారిష్ ముచ్చట దీసిండు.
పారిష్ అంటె చర్చి గంట ఇనవడేంత మేర, అంతేనట.
అక్కడా మడిమడికీ పేరుండెనట.
దొరల సర్వేయర్లు వచ్చి తమ చెవికి తోచినట్టు రాసుకపోతే
అర్థం రాలిపోయి చప్పుడు మిగిలిందట.
ఆలుగడ్డ కుళ్ళిన ఆకలి ఏడు
గంజి కోసం జనంతోని గోడలు కట్టించిన్రట,
గుట్ట మీదికి ఎక్కి, దేన్నీ చుట్టకుండ ఆగిపోయిన గోడలు.
తడి మన్ను కోసి ఎండబెట్టి పొయ్యిల పెడుతరట.
ఇది మాత్రం నేను నమ్మలే.
మన్ను మండుతదా సారూ?

ఖల్ఫాన్ రొట్టె ముట్టలే.
ఇసుకల పాతిన నా గుంజనే చూస్తున్నడు.
దాని నీడ కొనను చెప్పుతోని తాకి
"ఇప్పుడు వంతు సల్మా మడిది" అన్నడు,
లేచి, కాలువ కాడికి పోయి,
గుడ్డపీలిక చుట్టిన రాయి ఒకటి తీసి పక్కన వెట్టిండు.
పగలు నీడతోని, రాత్రి చుక్కలతోని పంచేదట.
నీళ్ళు ఎండిన మడిలకు పోయినయి.
అక్కడ తాగేటందుకు ఒక్క గడ్డిపోచ లేదు.

మా తాత నీరటి.
తూము తెరిచేది, మూసేది, పంటకు ఇన్ని వడ్లు.
ఆ తూము ఇప్పుడు డ్యాము కింద ఎన్ని బారల లోతుల ఉన్నదో
ఏ పటంల చూడాలె.

సిమెంటు సంచి చింపి, లోపలి పొర మీద
పేర్లన్నీ తెలుగుల రాసుకున్న.
గొంతు లోపలి నుంచి వచ్చే ఆ అక్షరానికి
మన దగ్గర అక్షరం లేదు, సున్న సుట్టి కింద గీత గీసిన.
రాత్రి సారుకు చదివి వినిపిస్తే
చుక్క చుక్కకు ఎదురుంగ ఎక్కించుకున్నడు.
ఆఫీసుల ఆ వరుస కొట్టేస్తరు కావచ్చు.
ఇద్దరికీ తెలుసు. ఇద్దరం అనలే.

నలభైనాలుగో చుక్క కాడ ముసలాయన ఆగిపోయిండు.
కర్ర ఎత్తిండు. దించిండు.
గుర్తుకు రాలే.
నన్ను తిట్టినట్టే ఏదో అనుకుంట బండెక్కి పోయిండు.

తెల్లారి గుడారం ముందట హారన్.
చీకటి ఇంకా ఇడువలే.
ఆయన దిగను గూడ దిగలే, అద్దం దించి
"చెప్పులు ఇడిచిన కాడ" అన్నడు,
"పెండ్లికొచ్చిన పక్కూరోళ్ళు చెప్పులు ఇడిచిన కాడ. రాసుకో."

పెన్ను దొరకలే.
ఉత్త కాళ్ళతోని
గుంజ దిక్కు నడిచిన.