కలుక్కుమన్నది

ఉలాంగోమ్‌లో అక్టోబరు.
కిటికీ అద్దానికి మంచు లోపలివైపు నుంచే పాకుతోంది.
బడి హాస్టలుకి కొత్త బాయిలరు కొనాలి,
ఇప్పటికే ఆలస్యం.
మందల వెంట అమ్మానాన్నలు కొండలెక్కిపోయాక
అక్కడ పడుకునే పిల్లలు నూట పన్నెండు మంది.

మూడు కవర్లు తెరిచాం.
నేను కమిటీ కార్యదర్శిని.
మాట్లాడింది రాయడం నా పని,
మాట్లాడనిది రాయకపోవడం కూడా.

మొదటి కంపెనీ ధర అందరికంటే తక్కువ.
కాగితాలన్నీ ఉన్నాయి. సీళ్ళన్నీ గుండ్రంగా ఉన్నాయి.
గల్సన్‌దోర్జ్ గారు మార్కులు కూడి
తొంభై ఒకటి అన్నారు,
పెన్నుకి మూత పెట్టేశారు.

దులమ్‌సురెన్ మాత్రం
బల్ల మీది నమూనా ముక్కని
(రెండు ఇనప రేకులు, మధ్య ఒక అతుకు)
బొటనవేలితో నిమురుతూ కూర్చుంది,
జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు.
ఆమె ముందు ఉప్పు టీ మీగడ కట్టింది.
"ఏమిటి?" అన్నారాయన.
"ఏమో. మనసు కలుక్కుమంది."

నా పెన్ను అక్కడ ఆగింది.
కలుక్కుకి ఎన్ని మార్కులు?
ధరకో గడి ఉంది, గడువుకో గడి ఉంది,
గ్యారంటీకి రెండున్నాయి.
ఇరవై ఆరేళ్ళు బాయిలర్ల పక్కన నిలబడ్డ
ఒక వేలికొసకి లేదు.
రేపు ఆడిటరు వస్తాడు,
కలుక్కు ఏదీ, చూపించమంటాడు.

"ఇలాగే కదా," ఆయన మెల్లగా అన్నారు,
"ఆ యేడు పంపుల వాణ్ణి వద్దన్నావు."
గదిలో ఎవరూ కదల్లేదు.
నిజమే. ఆ మనిషి నవ్వు ఆమెకి నచ్చలేదు.
తాను వదిలేసిన మొగుడి నవ్వులా ఉందని
తర్వాతెప్పుడో ఒప్పుకుంది.
వాడి పంపులు పక్క జిల్లాలో
ఇప్పటికీ నీళ్ళు తోడుతున్నాయి.
మేం కొన్నవి రెండో చలికాలానికే పగిలాయి.

"ఆ రోజు మొహం చూశాను," అంది దులమ్‌సురెన్,
"ఈ రోజు..."
వాక్యం పూర్తి చేయలేదు.
వేలు మళ్ళీ అతుకు మీదికే వెళ్ళింది.

కాసేపటికి ఒక కాగితం లాక్కుని
ముగ్గురికీ ఒకే ఉత్తరం రాసింది,
ఒక్క అక్షరం తేడా లేకుండా:
అతుకుల పీడన పరీక్ష నివేదిక పంపండి,
పరీక్షించిన మనిషి సంతకంతో, ఐదు రోజుల్లో.
టెండరు షరతుల్లో పన్నెండో పేజీలో
ఆ హక్కు ఎప్పటినుంచో ఉంది.
ఎవరూ వాడలేదు. నేనైతే చదవనే లేదు.
మినిట్స్‌లో ఇలా రాశాను:
"సభ్యురాలు వివరణ కోరారు."

రెండో రోజే, అందరికంటే ముందు,
తక్కువ ధర వాళ్ళ నివేదిక వచ్చింది.
అంకెలు సరిపోయాయి. సంతకం ఉంది.
పరీక్ష జరిగిన తేదీ ఆదివారం.

"ఆదివారం పని చేస్తే నేరమా?" అన్నారు గల్సన్‌దోర్జ్ గారు.
"కాదు," అంది.
వీధి అవతల పాత బాయిలరు
దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గింది.

ఆమె లేచి కోటు తొడుక్కుంది.
బొటనవేలిని గ్లోవులోకి దూరుస్తూ అడిగింది:
"ఆ ఫ్యాక్టరీ ఎంత దూరం?"

జీపులో రెండు రోజులు.
ఈసారి మినిట్స్‌లో
కిలోమీటర్లు రాశాను.